నేలకు ఆదివారం

వైలోమా గ్రామం, తవెయుని దీవి
మార్చి 9

మేనమామ కూతురు, పెద్ద చదువుల మరదలు ఉనైసికి బావ అమినియాసి ప్రభువు నామంలో రాయునది.

నువ్వు ఓడ మీద పంపిన గోనెసంచి అందింది. పంచదార అనుకుని మా ఇంటిది లోసలీని పరుగున వచ్చి మూతి విప్పింది. లోపల నల్లగా, నున్నగా చిక్కుడు గింజల్లాంటివి చూసి, నీ మరదలికి మన మీద ఇంత ప్రేమ ఉందని తెలీదు అనేసి వంటింట్లోకి పోయింది. సంచిలో నువ్వు పెట్టిన కాగితం నేను మూడుసార్లు చదివాను. ఇవి దూలగొండి గింజలు, దురద పెట్టని రకం. చేమ తవ్వేసి ఖాళీ అయిన పొలంలో గుచ్చాలి. తీగ నేలంతా అల్లుకుంటుంది. ఆరు నెలలు దాన్ని కొయ్యకూడదు, పీకకూడదు, కలుపు తియ్యకూడదు. అంటే ఏమీ చెయ్యకూడదు. ఏమీ చెయ్యకుండా ఉండటం నేర్పడానికి ప్రభుత్వం ఒక పరిశోధన కేంద్రం కట్టి, నీకు జీతమిచ్చి కూర్చోబెట్టిందా మరదలా? ఆ విద్యలో ఆరితేరినవాళ్ళు మా ఊళ్ళో పొద్దున్నే కావా మత్తునీళ్ళ గిన్నె చుట్టూ చేరి ఉంటారు. అడిగితే ఊరికే నేర్పుతారు.

నా సంగతి నీకు తెలుసు. నాలుగో తరగతి దాటలేదు. వాక్యం నాకు నేనే నేర్చుకున్నాను, కొబ్బరికాయలు ఒలుస్తూ ఒక పేజీ, దుంపలు కడుగుతూ ఒక పేజీ. ఇరవై రెండేళ్ళుగా ఈ సంఘం బోధకుల పట్టికలో నా పేరుంది. ఏటా నాట్ల ముందు నేను చెప్పే ప్రసంగం చంటిపిల్లలకు కూడా నోటికొచ్చు. సామెతల గ్రంథంలో జ్ఞాని సోమరివాడి చేను పక్కనుంచి నడిచిపోయాడు. ఏం చూశాడు? ముళ్ళతుప్పలు చూశాడు. చేనంతా కప్పేసిన దూలగొండ్లు చూశాడు. ఇరవై నాలుగో అధ్యాయం, ముప్పై ఒకటో వచనం, తీసి చదువుకో. దేవుడి పుస్తకం పేరు పెట్టి తిట్టిన మొక్కను గోనెలో పోసి బోధకుడి ఇంటికి పంపావు. సాతాను అంతటివాడు కూడా ప్రభువును శోధించడానికి రాళ్ళతోనే సరిపెట్టాడు.

అయినా నీ దగ్గర దాపరికం దేనికి. నేల అలిసిపోయింది. మా నాన్న రోజుల్లో ఒక్క చేమదుంప ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. పోయినవారం ఎగుమతి వాళ్ళ లారీ వచ్చి నా దుంపల్లో సగం రోడ్డు పక్కనే పారబోసి పోయింది. కిలోకు తక్కువ తూగినవి వాళ్ళకొద్దట. అందుకని ఊట పైనున్న అడవిలో రెండెకరాలు నరికి కొత్త నేల తీద్దామనుకుంటున్నాను. మా సంఘపెద్ద నేమని కూడా అదే పనిలో ఉన్నాడు. నీ గింజలు వచ్చే ఓడలో తిప్పి పంపాలా, కోళ్ళకు వెయ్యాలా, రాయి.

బావ అమినియాసి

తా.క. ఫోను చెయ్యమన్నావు. కొండెక్కితే తప్ప సిగ్నలు రాదు. ఎక్కాక నాకు మాట రాదు.

నౌసోరి
మార్చి 24

పెళ్ళినాడు ప్రమాణం మర్చిపోయి, వెనకనుంచి నేనందిస్తే గట్టెక్కిన బావకు ఉనైసి వందనాలు.

కోళ్ళకు వెయ్యకు. పచ్చిగింజలు తింటే చస్తాయి. అవి చస్తే లోసలీని అక్క నన్ను బతకనివ్వదు.

నువ్వొక వచనం చూపించావు, నేనొకటి చూపిస్తాను. లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయం. ఆరేళ్ళు విత్తుకో, ఏడో ఏడు నేలకు విశ్రాంతి అని చెప్పింది నేను కాదు, మా కేంద్రం కాదు. ఆదివారం బొప్పాయి కోసినందుకు మా అక్క పిల్లల్ని చర్చి ముందు ఎండలో నిలబెట్టావు గుర్తుందా? చెట్టుకు కూడా ఆదివారం ఉందిరా అన్నావు. నీ గుర్రానికి ఆదివారం జీను వెయ్యవు. నీ కత్తికి ఆదివారం సాన పట్టవు. మరి ఇరవై రెండేళ్ళుగా చేమ మీద చేమ, చేమ మీద చేమ వేస్తున్న ఆ నేలకు ఒక్క ఆదివారమైనా ఇచ్చావా బావా?

ఏడాది అక్కర్లేదు, ఆరు నెలలు చాలు. ఆ తీగ ఊరికే పడుకోదు. నేలకు కావలసిన బలాన్ని గాలిలోంచి పట్టి వేళ్ళలో దాస్తుంది. కింద ఎండ పడనివ్వదు కాబట్టి కలుపు చస్తుంది. ఆరు నెలలయ్యాక దాన్ని నరికి అక్కడే దుప్పటిలా పరిచి, కర్రతో గుంట పెట్టి చేమ నాటు. ఇది మేం తవ్వి, తూచి, రాసుకున్న మాట. అడవి జోలికి పోకు. ఊట పైన చెట్లు పోతే ఊట పోతుంది. ఆ కొత్త నేలా అయిదేళ్ళలో అలిసిపోతుంది, అప్పుడు ఇంకా పైకి పోతావు. కొండ దాటితే ఆకాశమే. అక్కడ వ్యవసాయం నీకు ఇప్పుడే వద్దు.

మీ దీవిలో అయిదుగురికి గింజలు పంపాను. నీ రోడ్డు పక్క ఎకరం నాకివ్వు. చర్చికి పోయేవాళ్ళంతా చూసే చోటు కావాలి నాకు. బతిమాలుతున్నాననుకోకు. పోనీ, బతిమాలుతున్నాననే అనుకో.

ఉనైసి

వైలోమా
జూన్ 2

నా కళ్ళు తెరిపించి నా పరువు తీసిన మరదలికి,

నువ్వు లేవీయకాండం తెరిచిన నాటినుంచి నాకు అన్నం సయించలేదు. వంద ఆదివారాలు ఆ అధ్యాయం చదివి వినిపించాను, అది యూదుల నేల గురించి అనుకున్నాను గాని నా కాళ్ళకింది దాని గురించి అనుకోలేదు. గింజలు ఏప్రిల్ మొదటివారంలో గుచ్చాను. అడవి జోలికి పోలేదు.

ఇప్పుడు ఆ తీగ సంగతి విను. మోకాలెత్తు లేచింది. కంచె మింగింది. గుర్రాన్ని కట్టే గుంజ ఎక్కడుందో గుర్రానికే తెలియాలి. నువ్వు నౌసోరి పోయి మన ఊరి పద్ధతి మర్చిపోయావు. ఇక్కడ ఒకడి చేను తుప్పపట్టిందంటే ఆ ఇంట్లో జబ్బుందని అర్థం. మొదటి వారం మూడిళ్ళనుంచి మూడు కుండల చేపల పులుసు వచ్చింది. లోసలీని ఒక్క మాట అనకుండా మూడూ అందుకుంది. ప్రేమతో తెచ్చింది తిప్పి పంపితే పాపమట. రెండో వారం ముసలి వసితి వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టి స్వస్థత కోసం ప్రార్థించింది. అప్పుడు నా భుజాన గొడ్డలి ఉంది, నిండు కావడి ఉంది.

పోయిన శనివారం పద్దెనిమిది మంది మగవాళ్ళు కత్తులు పట్టుకుని, మధ్యాహ్నం తిండి కూడా కట్టుకుని వచ్చారు. పాపం అమినియాసికి ఏదో అయింది, మనమే చేను బాగుచేద్దాం అని. ప్రేమతో వచ్చిన కత్తిని ఆపడం పగతో వచ్చిన కత్తిని ఆపడం కంటే కష్టం మరదలా. గట్టు మీద మొద్దు ఎక్కి లేవీయకాండం తెరిచాను. నలభై నిమిషాలు. వాళ్ళు నీడన కూర్చుని విన్నారు, తెచ్చుకున్న కర్రపెండలం తిన్నారు, వెళ్ళిపోయారు.

నేమని ఒక్కడూ ఆగాడు. చేతులు వెనక కట్టుకుని అన్నాడు:

"తన ఇంటిని ఏలుకోలేనివాడు దేవుడి సంఘాన్ని ఎట్లా చూసుకుంటాడని పౌలు అడిగాడు. నేను పౌలు కంటే మెత్తనివాణ్ణి అమినియాసీ. ఇంటిదాకా రాను. చేను దగ్గరే ఆగుతా."

ఈ నెల ఇరవై ఎనిమిదిన పెద్దలు కూర్చుని జూలై నుంచి మూడు నెలలకు బోధకుల పట్టిక రాస్తారు. వచ్చేది ఈ రోడ్డు మీదే. ఇట్లాంటి చేను ఉన్నవాడు ప్రసంగపీఠం ఎక్కరాదని నేమని అప్పుడే ఇద్దరి చెవిలో వేశాడు. పొలం పోతే కర్రపెండలం తిని బతుకుతాను. ఆ పట్టికలో పేరు పోతే నేనేం తిని బతకాలి?

బావ

నౌసోరి
జూన్ 15

బావకు,

ఒక పని చెయ్యి. ఒక తీగను వేళ్ళతో సహా తవ్వు. వేళ్ళకు ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. బలమంతా వాటిలో ఉంది. ఒకటి చిదిపి లోపలి ఎరుపు నేమనికి చూపించు. ఉరమకు, చూపించు. నువ్వు ఉరిమితే మనిషి గొడుగు వెతుక్కుంటాడు గాని వినడు.

తవ్వేది ఒక్క మొక్కే. ఇంకెక్కడా చెయ్యి పెట్టకు. దీనితో ఒక కాగితం పంపుతున్నాను, చేను ఎంత మేర కప్పి ఉందో నింపి పంపు. నీ పేరు తీసేస్తే నేనే ఓడెక్కి వచ్చి పాస్టరు గారితో మాట్లాడతాను.

ఉనైసి

వైలోమా
జూలై 8

ప్రియమైన మరదలికి, యెహోవా మేలు చేసేవాడని, ఆయన కృప ఎల్లకాలం నిలిచేదని సాక్ష్యమిస్తూ రాయునది.

నా పేరు పట్టికలో నిలిచింది. జూలైలో రెండు, ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో రెండు ఆదివారాలు. పెద్దలు రోడ్డు వెంట నడిచి వచ్చారు, చూశారు, ఏమీ అనలేదు. నేమని కూడా ఏమీ అనలేదు. ప్రభువు సింహాల నోళ్ళు మూయించాడు.

నువ్వు పంపిన కాగితం నింపాను. చేను ఎంత మేర కప్పి ఉంది అన్నచోట "అంతా" అని రాశాను. అంతా అంటే అంతానే. ఒక్క ఆకు కూడా పోలేదు. ఆకాశపక్షులను చూడు, అవి విత్తవు, కొయ్యవు. ఇక్కడ వానలు బాగున్నాయి. మీ దగ్గర వానలెట్లా ఉన్నాయి? పాస్టరు గారి కూతురికి సంబంధం కుదిరింది. చేపలు బాగా పడుతున్నాయి. మళ్ళీ చెప్తున్నాను, ఒక్క ఆకు కూడా పోలేదు.

నీ బావ, వాక్య సేవకుడు అమినియాసి

చెల్లీ, కవరు అంటించమని నాకిచ్చారు కాబట్టి రెండు ముక్కలు రాస్తున్నా. మీ బావ నెల్లాళ్ళ నుంచి వారానికోసారి తెల్లారకముందే చేలోకి పోతున్నారు. ఎక్కడికంటే ప్రార్థనకు అంటున్నారు. కత్తి తీసుకుని పోతున్నారు. ప్రార్థనకు కత్తెందుకో నువ్వే అడుగు, నేనడిగితే వచనం చెప్తారు. లోసలీని.

నౌసోరి
జూలై 22

బావా,

ప్రార్థనకు కత్తెందుకు?

ఉనైసి

వైలోమా
ఆగస్టు 6

మరదలా,

నా ఉత్తరాల్లో ఎవరెవరు ఏం కలుపుతున్నారో నాకు తెలుసు, ఆ సంగతి నేను చూసుకుంటాను. నీ ప్రశ్నకు జవాబు. పేతురు కూడా గెత్సేమనే తోటకు ప్రార్థనకు పోయినప్పుడు నడుముకు కత్తి ఉంది. యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయం చూడు. కత్తెందుకని ప్రభువు ముందే అడగలేదు. పైగా మా వైపు అడవి పందులు ఎక్కువయ్యాయి.

అమినియాసి

నౌసోరి
ఆగస్టు 20

పేతురు బావకు,

చూశాను. అదే అధ్యాయం ఇంకొంచెం కిందికి పో. ఆ పేతురే కోడి కూసేలోగా ఎన్ని అబద్ధాలాడాడో కూడా రాసి ఉంది. నీ లెక్క ఎంతకొచ్చింది?

నీకొక సంగతి చెప్పలేదు. చెబితే బెదురుతావని ఆపాను. మీ దీవిలో అయిదుగురికి గింజలు పంపానన్నాను కదా. ఒకాయన చేను అగ్గిపెట్టి కాల్చేశాడు. ఒకాయన ఊళ్ళో లేని సమయం చూసి బంధువులు ప్రేమతో నరికేశారు. ఒకరి తీగను గుర్రాలు మేశాయి. ఇంకొకాయన భార్య ఒప్పుకోలేదు. నువ్వొక్కడివే మిగిలావు. ఈ గింజలు మిగతా దీవుల రైతులకు ఇవ్వాలా, ఇంతటితో పని ఆపాలా అన్నది నీ ఎకరంలో దుంపలు చూసి తేలుస్తామన్నారు మా పైవాళ్ళు. నువ్వు కాగితంలో "అంతా" అని రాసింది నేను వాళ్ళకిచ్చాను.

అంతకంటే రాయను. నువ్వు నాకంటే ఎక్కువ చదివావు, ఆ ఒక్క పుస్తకమే అయినా.

ఉనైసి

వైలోమా
నవంబరు 3

ఉనైసికి,

అక్టోబరు పదిన తీగ నరికి పరిచాను. పన్నెండు నుంచి చేమ నాటాను. పిలకలు పట్టుకున్నాయి. అందరం బాగున్నాం.

అమినియాసి

నౌసోరి
నవంబరు 19

బావా, నీ ఉత్తరంలో ఒక్క వచనం కూడా లేదు. జ్వరమా? అక్కను రాయమను.

ఉనైసి

వైలోమా
జూన్ 14

ఉనైసికి,

ఏడు నెలలు నీకు రాయలేదు. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను, మధ్యలో లేవను.

అననీయ అనేవాడు పొలం అమ్మి కొంత దాచుకుని, అంతా ఇచ్చేశానని అపొస్తలుల ముందు చెప్పాడు. అపొస్తలుల కార్యాలు అయిదో అధ్యాయం. వాడు అక్కడికక్కడే పడి చచ్చాడు. నేనూ పొలంలో కొంత దాచుకుని అంతా అన్నాను. నాకు చావు రాలేదు, దుంపలొచ్చాయి. చావే నయం.

నిన్న తవ్వాం. ఈ ఆదివారం ప్రథమ ఫలాల అర్పణ కాబట్టి పద్ధతి ప్రకారం ఊరంతా వచ్చింది. రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టారు. మొదటి దుంప పిడికిలంత. రెండోది దానికంటే చిన్నది. ఒక వరస పూర్తయ్యేసరికి నవ్వులు మొదలయ్యాయి. నేమని ఒకటి చేతిలోకి తీసుకుని, ఆరు నెలలు పడుకున్న నేల ఇంకా ఆవలిస్తున్నట్టుంది అన్నాడు. నేను తల ఎత్తలేదు.

అప్పుడు ముసలి వసితి కర్ర పట్టుకుని ఎవరికీ చెప్పకుండా లోపలికి పోయింది. కాసేపటికి, ఎవరైనా రండి నాయనా నా ఒక్కదానివల్ల కాదు అని పిలిచింది. ఇద్దరు పోయి పైకి తీశారు. మరదలా, మా నాన్న పోయాక అంత దుంప నేను చూడలేదు. పక్కది కూడా అంతే. ఆ పక్కది కూడా. రోడ్డునుంచి ఇరవై అడుగులు దాటాక మొదలై అవతలి గట్టుదాకా అన్నీ రెండు చేతుల దుంపలే. నవ్వులు ఆగిపోయాయి. నేమని ఒక చేత్తో చిన్నది, ఒక చేత్తో పెద్దది పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఇవి ఒక తల్లి పిల్లలేనా?"

రోడ్డు దుమ్ము అన్నాను. లారీ పొగ అన్నాను. అతను నమ్మాడు. నమ్మి, అయితే నీ దూలగొండిది ఏం లేదు, లోపలి నేల ముందునుంచీ మంచిదన్నమాట అన్నాడు. అందరూ తలలూపారు. నా కళ్ళముందే, నా నోటితోనే, నీ పనిని పూడ్చిపెట్టాను. పొడవాటి ప్రసంగాలకు రాని శక్తి ఒక్కోసారి పొట్టి అబద్ధానికి వస్తుంది. అడవి నరకడానికి వచ్చే వారం ఎవరెవరు వస్తారని అక్కడే మాటలు మొదలయ్యాయి.

లోసలీని బుట్ట కింద పెట్టింది. నలుగురిలో నాకు ఎదురు మాట్లాడిన మనిషి కాదు అది, నీకు తెలుసు.

"అననీయ పెళ్ళాం కూడా మొగుడి మాటకు వంత పాడి చచ్చింది. నేను పాడను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

చెప్పాను. మొద్దు ఎక్కలేదు, పుస్తకం తెరవలేదు. రోడ్డు పక్క ఇరవై అడుగులు తీగను నేనే నరికి, ఆకులు ఎత్తి అవతల పారేశానని, ఏడాది కింద జూన్ నుంచి వారం వారం నరికానని, పట్టిక రాసే పెద్దల కళ్ళకు చేను శుభ్రంగా కనపడాలని చేశానని చెప్పాను. లోపల తీగ ఎంత బలిసినా రోడ్డుకు కనపడకుండా ఆ మేర దాటగానే కొబ్బరి మట్టలు అడ్డంగా పాతానని కూడా చెప్పాను. ఆదాము సిగ్గుపడి ఆకులు కప్పుకున్నాడు, నేను సిగ్గుపడి ఆకులు పీకాను. నేమని, నువ్వు నా పేరు ఉంచింది ఆ ఇరవై అడుగులు చూసి, అన్నాను.

అతను రోడ్డు నుంచి అడుగులేసుకుంటూ పోయి, చిన్న దుంపలు ఆగి పెద్ద దుంపలు మొదలైన చోట నిలబడ్డాడు. వంగి మట్టి పిడికెడు తీశాడు. వెనక్కొచ్చి రోడ్డు పక్క మట్టి పిడికెడు తీశాడు. రెండూ నలిపి చూశాడు.

"చేను విషయంలో నేను పొరబడ్డాను. నీ విషయంలో పొరబడలేదు."

ఇరవై ఎనిమిదిన పెద్దలు కూర్చుంటారు. ఈసారి సింహాల నోళ్ళు ఎవరూ మూయరు. నీ పైవాళ్ళకు నేనిచ్చిన మాట అబద్ధమని చెప్పెయ్యి. నీ ఉద్యోగానికి నావల్ల ఏమైనా అయితే నేనే ఓడెక్కి వచ్చి వాళ్ళ ముందు నిలబడతాను.

అమినియాసి

నౌసోరి
జూన్ 29

బావకు,

నీ ఉత్తరం మొదటిసారి చదివి చింపేద్దామనుకున్నాను. రెండోసారి చదివి, తీసుకుపోయి మా పైవాళ్ళ బల్లమీద పెట్టాను. అననీయ దగ్గర్నుంచి లారీ పొగ దాకా మొత్తం. మా పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

కోపం సంగతి ముందు. ఏడాది నన్ను మోసం చేశావు. నాకు చెప్పి నరికి ఉంటే నీకు పోయేదేమీ లేదు. అది నేను మర్చిపోవడానికి కొంత కాలం పడుతుంది, ఈ లోపు నువ్వు నాకు ఏ వచనమూ పంపకు.

ఇక రెండో సంగతి. పదేళ్ళుగా మేం ఏ రైతుకు ఏ పెద్ద దుంప చూపించినా, వాళ్ళ నేల వేరు, మా నేల వేరు అంటారు. నేమని అన్నది కూడా అదే కదా. నీ చేలో అదే నేల, అదే చెయ్యి, అదే వాన, అవే పిలకలు. తేడా నీ కత్తి ఒక్కటే. నువ్వు భయపడి నరికిన ఆ ఇరవై అడుగులు మా కొలబద్ద కంటే బాగా చెప్పాయి. గింజలు మిగతా దీవులకు పంపడానికి ఒప్పుకున్నారు. నీకు మెచ్చుకోలు లేదు. నీ దగ్గరనుంచి కావలసింది దుంపల తూకం, రెండు వైపులవీ వేరువేరుగా. ఈసారి లోసలీని అక్క సంతకం కూడా ఉండాలి.

పట్టిక సంగతి ఏమైంది?

ఉనైసి

వైలోమా
ఆగస్టు 2

ఉనైసికి,

తూకాలు దీనితో పంపుతున్నాను. లోసలీని తూచింది, లోసలీని రాసింది, లోసలీని సంతకం పెట్టింది. నన్ను కాటా దగ్గరికి రానివ్వలేదు.

పట్టికలో నా పేరు లేదు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు. చేను గురించి కాదు, అబద్ధం గురించి అని నేమనే నిలబడి చదివాడు. న్యాయమే. మొదటి ఆదివారం బల్లమీద కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ బల్ల ఇంత గట్టిదని నాకు తెలియదు. జనం ఎందుకు కదులుతూ ఉంటారో అప్పుడర్థమైంది.

సోమవారం పొద్దున వసితి గింజలకొచ్చింది. మంగళవారం నలుగురు. తీగ మీద కాయలు ఎండనిచ్చి లోసలీని రెండు సంచులు దాచింది, నీకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నిజం రాస్తాను: వచ్చినవాళ్ళను చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అందర్నీ వరండాలో కూర్చోబెట్టాను. చర్చిలోనైతే నిద్రపోతారు, పక్కకు జారుకుంటారు. ఇక్కడ సంచి మూతి నా చేతిలో ఉంది, ఎవరూ లేవలేరు. ఆదికాండం నుంచి మొదలుపెట్టాను. నోవహు ఓడ దిగి ఇంకా ద్రాక్షతోట కూడా నాటలేదు, వసితి నా మోకాలు మీద తట్టింది. నోవహు ఎక్కడికీ పోడు నాయనా, గింజ ఎంత లోతు పెట్టాలో ముందు అది చెప్పు అంది.

వేలి రెండు కణుపులు అన్నాను. ఎంత దూరంలో అని ఇంకొకరడిగారు. గుర్రాలు మేస్తే ఏం చెయ్యాలన్నారు. తీగ పక్కవాడి చేలోకి పాకితే తగువు ఎవరిదన్నారు. ఒక్కోదానికి చెప్పాను. మరదలా, ఇరవై రెండేళ్ళు ఆ పీఠం మీద నిలబడ్డాను, ప్రసంగం అయ్యాక ఒక్కరంటే ఒక్కరు వచ్చి నన్ను ఒక ప్రశ్న అడగలేదు. బాగా చెప్పారన్నారు, చెయ్యి కలిపారు, పోయారు. ఆ ఒక్క పొద్దునే పదకొండు అడిగారు.

నిన్న నేమని వచ్చాడు. అందరూ ఉండగానే వచ్చాడు, చివర్న కూర్చున్నాడు. అడవి నరకడం ఆపానన్నాడు. అతని పొలం నీకు తెలుసు, కొండవాలు. పెద్దవాన పడితే ఆ వాలులో గింజ నిలుస్తుందా, కొట్టుకుపోతుందా, అడ్డం ఏమైనా వెయ్యాలా అని అడిగాడు. నా నోటికి మూడు వచనాలు వచ్చాయి. మూడూ మింగి, నాకు తెలీదు అన్నాను.

లోసలీని వంటింట్లోంచి బయటికొచ్చి, ఆ మాట అన్నది నేనేనా అని చూసింది.

మా మరదలికి తెలుస్తుంది, రాసి కనుక్కుంటాను అని చెప్పాను. ఓడ ఇంకో గంటలో పోతుందట, కవరు ఇప్పుడే అంటిస్తున్నాను. జవాబు వచ్చే ఓడకే రాయి. జవాబు రాగానే కబురు చేస్తానని చెప్పాను గాని నేమని ఇవాళ పొద్దున్నే మళ్ళీ వచ్చాడు, వరండాలో కూర్చునే ఉన్నాడు.

బావ